ఖాతాలు వేరైనను మొత్తమొక్కటే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సంఘమువారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, భారతములోని ఏదో ఒక ఘట్టమును చెప్పి కూర్చుందునని తలచియుందురు. నేను పండితుడను కాను. ముప్పదియేండ్లుగా గ్రామములో చిట్టా, ఆవర్జా వ్రాసి జీవించుచున్నవాడను. పగటి పని ముగిసిన పిమ్మట ఈ గ్రంథాలయపు బల్లమీద కూర్చుండి చదువుకొన్నదే నా చదువు. నేడు ఆ లెక్కలను, ఆ చదువును కలిపి ఒక విషయము విన్నవింపదలచితిని.

ఓట్లు అడుగవచ్చువారు మనలను రెండు విధములుగా పిలుతురు. ఒకరు "మనమందరము ఒక్కటే, దేశమును చూడుడు" అందురు. మరియొకరు "మనవాడు మనకు కావలెను, మనవారిని చూచుకొనుడు" అందురు. మొదటి మాట గొప్పగా వినిపించును. రెండవ మాట దగ్గరగా వినిపించును. ఈ రెంటిలో దేనిని ఎప్పుడు నమ్మవలెను? ఏ పార్టీ పక్షమునను నేను మాటలాడను. ఈ ప్రశ్న ఢిల్లీకో హైదరాబాదుకో మాత్రమే సంబంధించినది కాదు. ఈ ఉత్సవములు ముగియగానే మన గ్రంథాలయ కార్యవర్గ ఎన్నిక జరుగనున్నది. వాడకొక్క స్థానము చొప్పున పంచుకొందమని కొందరు, ఆ మాట ఎత్తుటయే ఊరిని చీల్చుట యని కొందరు కొన్ని నెలలుగా వాదులాడుకొనుచున్నారు. ఉభయులును నాకు ఆప్తులే. కనుక ఉభయుల మాటయు తూచి చూతము.

మొదట మన కృష్ణాతీరమున పుట్టిన జెండా సంగతి చెప్పెదను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగినది. కోటిమంది సభ్యులను చేర్చవలెననియు, తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెననియు, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెననియు అక్కడ నిర్ణయించిరి. ఆ సందర్భముననే, మన భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్యగారు గాంధీగారికి ఒక జెండా నమూనాను సమర్పించిరి. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు గలవు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు గుర్తులు. తక్కిన మతములవారి మాట యేమని గాంధీగారు తెలుపును చేర్పించిరి. అందరి శ్రమకు గుర్తుగా రాట్నము నిలిచినది.

ఈ ఏర్పాటులో సద్భావమునకు లోటు లేదు. కాని ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క రంగు అని లెక్క మొదలైన పిమ్మట ఆ లెక్క ఎక్కడ ఆగును? తమ రంగు కూడ ఉండవలెనని సిక్కులు అడిగిరి. వారు అడుగుటలో తప్పులేదు. పద్దు వ్రాసిన పద్ధతియే అట్టిది. గుడ్డ ఒక్కటే, అడుగువారు అనేకులు. తుదకు 1931లో కాంగ్రెసువారు ఏడుగురు సభ్యులతో ఒక సంఘమును వేసిరి. పటేలు, నెహ్రూ, ఆజాదు, మాస్టరు తారాసింగు మొదలగు వారందులో సభ్యులు. ఆ సంఘమును సమావేశపరచు బాధ్యత బందరులో వైద్యవృత్తి చేసి, ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారిది. జెండా అంతయు ఒకే కాషాయవర్ణమున ఉండవలెననియు, దానిపై రాట్నము ఉండవలెననియు ఆ సంఘము సూచించినది. ఆ సూచన అంగీకరింపబడలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో బొంబాయిలో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ అను మూడు రంగుల జెండాను ఆమోదించుచు, ఈ రంగులకు మతములతో సంబంధము లేదని స్పష్టముగా తీర్మానించిరి. కాషాయము ధైర్యత్యాగములకు, తెలుపు శాంతిసత్యములకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకు గుర్తులైనవి. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నము స్థానమున అశోకచక్రము నుంచి ఆ జెండానే స్వీకరించినది.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. వారు రంగులను వాటాలుగా పంచలేదు. అట్లని అన్నిటిని చెరిపి ఒకే రంగును పులుమలేదు. రంగులు నిలిచినవి, వాని అర్థము మారినది. త్యాగము చేసిన ప్రతివానిదియు కాషాయమే, సత్యము పలికిన ప్రతివానిదియు తెలుపే. ఆవర్జాలో పేరుపేరునకు ఖాతా ఉండును. ఖాతాలు లేకున్న ఎవరికెంత రావలెనో తెలియదు. కాని ఏ ఖాతాయు తానే మొత్తమని చెప్పుకొనరాదు. మొత్తము చూపని ఆవర్జా ఎట్లు నిరుపయోగమో, ఖాతాలను చింపివేసి మొత్తము మాత్రము చూపు లెక్కయు అట్లే నమ్మదగినది కాదు.

రెండవ సంగతి ఓటర్ల జాబితాను గూర్చినది. 1909 సంస్కరణలలో ఆంగ్లప్రభుత్వము మహమ్మదీయులకు ప్రత్యేక నియోజకవర్గముల నేర్పరచినది. అనగా ఒక మతము అభ్యర్థిని ఆ మతమువారే ఎన్నుకొందురు. పక్కింటివాని ఓటు అవసరము లేనప్పుడు పక్కింటివాని కష్టము ఎవనికి పట్టును? 1932లో అంటరానివారుగా చూడబడిన జాతులకును అట్టి ఏర్పాటును ప్రకటింపగా, గాంధీగారు ఎరవాడ కారాగారమున నిరాహారదీక్ష పూనిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 24న డాక్టరు అంబేద్కరుగారు, తక్కిన నాయకులు కుదుర్చుకొన్న పూనా ఒడంబడికలో, స్థానములు ప్రత్యేకింపబడినను ఓటర్లు ఉమ్మడిగా నుండవలెనని నిర్ణయమైనది. స్వతంత్ర భారత రాజ్యాంగములోని 325వ అధికరణము ప్రతి నియోజకవర్గమునకు ఒకే ఓటర్ల జాబితా ఉండవలెనని శాసించినది. మతము, జాతి, కులము, స్త్రీపురుష భేదము కారణముగా ఎవరి పేరును తీసివేయరాదు, ఎవరికిని ప్రత్యేక జాబితా పెట్టరాదు. లెక్కలు వ్రాయువానికి ఇది ఎంత గొప్ప మాటయో తెలియును. పుస్తకము ఒక్కటే. ఆ పుస్తకములో కోటీశ్వరునికిని, కూలివానికిని చెరియొక పంక్తి.

ఇట్లు చెప్పుచుంటినని, కులము పేరు ఎత్తినవాడెల్ల ఐకమత్యమునకు శత్రువని నా అభిప్రాయమనుకొనవద్దు. 1917లో విజయవాడలోనే భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన ఒక మహాసభ జరిగినది. ఊరి వెలుపల నిలుపబడిన ప్రజలు, తమపై ఇతరులు మోపిన "పంచములు" అను పేరును త్రోసిపుచ్చి, "ఆది ఆంధ్రులు" అను పేరును ఆ సభలో స్వీకరించిరి. వారు తమ సమూహము పేరిటనే కూడిరి. అట్లు కూడక వారికి గత్యంతరము లేదు. బావివద్దకు రానీయనివాడు కులము చూచియే రానీయలేదు. అట్టివానితో "కులము మాట వలదు, అందరము ఒక్కటే" అనుట దాహముతో నున్నవానికి నీతి చెప్పుట యగును. అయితే వారు కోరుకొన్న ఆ పేరును ఒకసారి చూడుడు. అందులో "ఆంధ్ర" అను మాట ఉన్నది. వారు ఉమ్మడి పుస్తకమును చింపుమనలేదు, అందులో తమ పంక్తిని వ్రాయుమనిరి. ఇట్టి పిలుపునకు, ఇతరులను ద్వేషింపుమను పిలుపునకు నింగికి నేలకు ఉన్నంత దూరమున్నది.

భాష విషయమును అట్లే చూడవలెను. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది మొదలు, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము కావలెనను కోరిక పెరిగినది. దేశము ముక్కలగునని పెద్దలు భయపడిరి. పొట్టి శ్రీరాములుగారు ఏబదియెనిమిది దినములు ఉపవసించి 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి. దేశము ముక్కలు కాలేదు. ఏలన, తెలుగువాడు అడిగినది కన్నడిగునికి, మలయాళికి కూడ ఈయదగినది. వారికిని లభించినది. ఇతరులకు ఈయదగిన దానిని అడుగువాడు దేశమును విడదీయడు. ఇతరులు పోగొట్టుకొన్ననే గాని తనకు దక్కని దానిని అడుగువాడు విడదీయును.

కాని ఒక భాష మాటలాడినంత మాత్రమున ఐకమత్యము తనంతట తాను నిలువదని తరువాతి చరిత్ర చెప్పినది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందమును చేసికొనిరి. ఉద్యోగములు, విద్య, తెలంగాణపు మిగులు నిధులు మున్నగువానిని గూర్చి అందులో మాట యిచ్చిరి. ఆ మాట నిలుపబడలేదని 1969లో తెలంగాణమున పెద్ద ఉద్యమము లేచినది. ఆ మిగులు నిధుల లెక్క తేల్చుటకే సంఘమును వేయవలసివచ్చినది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఇటు మన కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. ఎవరి ఆవేదన వారికి నిజమే. నేను చెప్పునది ఒక్కటి. "మనమందరము తెలుగువారమే" అను మాట ఎంత తీయనిదైనను, ఒప్పుకొన్న పద్దును సకాలమున చూపనిచో ఆ తీపి నిలువదు. ఐకమత్యమును ఉపన్యాసములు పుట్టింపవచ్చును గాని, దానిని పోషించునది లెక్క.

భేదమును రెచ్చగొట్టినచో నేమగునో మన జిల్లా కన్నులార చూచినది. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహారదీక్షలోనున్న శాసనసభ్యులు వంగవీటి మోహనరంగాగారు హత్య గావింపబడిరి. పిమ్మట విజయవాడలోను, కోస్తా జిల్లాలలోను అల్లర్లు చెలరేగినవి. ప్రాణములు పోయినవి, దుకాణములు, ఇండ్లు, సినిమాహాళ్లు తగులబడినవి, కర్ఫ్యూ విధింపబడినది. అప్పటికి నేను చదువుకొనుచున్న పడుచువాడను. అటు తరువాత కొన్నాళ్లు మా ప్రాంతమున కొత్తవాడు కనబడినచో, "మీదే ఊరు?" అని అడుగుటకు మారుగా, ఇంటిపేరు అడిగి లోలోన లెక్కవేయువారిని చూచితిని. ఒకే కాలువ నీటితో వరి పండించుకొని, ఒకే సంతలో అమ్ముకొనువారు, ఒకరి నొకరు పేరు చూచి భయపడు దినములవి. హత్య చేసినవారు కొందరు. దండన అనుభవించినది ఆ కొందరిని ఎన్నడును ఎరుగనివారు. కులము పేరిట పగ సాధించుటలోని అన్యాయమంతయు ఇందులోనే ఉన్నది. అది నేరము చేసినవానిని వెదకదు, పేరు కలిసినవానిని వెదకును.

మన చట్టము ఈ ప్రమాదమును మొదటనే గుర్తించినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ సెక్షను మతము, జాతి, కులము, సమాజము, భాష పేరిట ఓటు అడుగుటను అక్రమాచరణముగా పేర్కొన్నది. ఈ నిషేధము అభ్యర్థి కులమతములకు మాత్రమేనా, ఓటర్ల కులమతములకు కూడనా అను ప్రశ్నపై 2017 జనవరి 2న ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. ఓటర్లకును వర్తించునని నలుగురు చెప్పిరి. ముగ్గురు భేదించిరి. కులమతముల వలన బాధపడినవారు తమ బాధను ఎన్నికలలో చెప్పుకొనకుండ నోరు నొక్కరాదని ఆ ముగ్గురి ఆందోళన. చెల్లునది నలుగురి తీర్పే. అయినను ఆ ముగ్గురి మాటను మనసులో ఉంచుకొనుట మంచిది. బాధను చెప్పుట వేరు, పగను అమ్ముట వేరు.

ఈ చిక్కు మనకే ఉన్నదని అనుకొనవద్దు. మన డెల్టా గ్రామముల పిల్లలు ఎందరో పోయి స్థిరపడిన అమెరికాలోను ఇదే వాదము. అక్కడి మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను 1796లో పదవి విడుచుచు ప్రజలకు వ్రాసిన లేఖలో, ఉత్తరమువారు, దక్షిణమువారు, తూర్పువారు, పడమటివారు అని పార్టీలు కట్టుట ప్రమాదమని హెచ్చరించెను. అయినను బానిసత్వమును గూర్చి ఉత్తర దక్షిణములు 1861 నుండి 1865 వరకు ఘోరముగా పోరాడుకొన్నవి. 1960లో కెనడీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు, అతడు క్యాథలిక్కు గనుక పోపుగారి మాట వినునని కొందరు ప్రచారము చేసిరి. సెప్టెంబరు 12న హ్యూస్టను నగరమున మతాచార్యుల ఎదుట నిలిచి, తాను క్యాథలిక్కుల అభ్యర్థిని కాననియు, డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిననియు, తన మతము తన స్వవిషయమనియు అతడు చెప్పెను. ఇది ఐకమత్యపు పిలుపు. ఆ తరువాత మూడేండ్లకు, 1963 ఆగస్టు 28న, మార్టిన్ లూథర్ కింగు మొదలగు నాయకుల వెంట లక్షలమంది వాషింగ్టనులో కూడి, నల్లవారి హక్కులను ఎలుగెత్తి అడిగిరి. ఇది ఒక సమూహపు పిలుపు. కాని వారు అడిగినది తెల్లవారికి అదివరకే ఉన్న హక్కునే. 1964లో పౌరహక్కుల చట్టము, 1965లో ఓటుహక్కు చట్టము వచ్చినవి. ఈ రెండు పిలుపులును పైకి వేరుగా తోచినను, ఒకే మొత్తమునకు చేరునవి. నేడును అక్కడి పార్టీలు ఒక్కొక్క జాతిని ఒక్కొక్క మాటతో ఆకర్షింపజూచుచున్నవని ఒకరు, ఐకమత్యము పేరిట బలహీనుని మాటను మరుగుపరచుచున్నవని మరియొకరు వాదించుకొనుచునే ఉన్నారు. మన పిల్లలు అక్కడ తెలుగువారిగా పిలువబడినప్పుడు వేయవలసిన ప్రశ్నలును మనము ఇక్కడ వేయవలసినవే.

ఇక భారతము మాట ఎత్తక విడిచినచో మీరు నన్ను క్షమింపరు. ఘోషయాత్రలో పాండవులను వెక్కిరింపవచ్చిన దుర్యోధనుని గంధర్వులు బంధించి కొనిపోవుచుండగా, భీముడు సంతోషించెను. ధర్మరాజు అతనిని మందలించి, మనలో మనకు కలహమున్నను పైవాడు వచ్చినప్పుడు మనము నూటయైదుగురమని తలచి, తమ్ములను పంపి దుర్యోధనుని విడిపించెను. ఇది అందరు ఎరిగిన కథ. ఐకమత్యమును బోధించువారు ఇంతవరకే చెప్పి ఊరకుందురు. ఉద్యోగపర్వములో సంజయ రాయబారమును కూడ చదువవలెను. ధృతరాష్ట్రుడు సంజయుని పంపి, యుద్ధము పాపమని, శాంతి మేలని, బంధువులు ఒకరి నొకరు చంపుకొనరాదని ఎంతయో చక్కగా చెప్పించెను. రాజ్యభాగము మాట మాత్రము చెప్పింపలేదు. ధర్మరాజు కోపింపలేదు, శాంతిని కాదనలేదు. ఐదూళ్లైనను ఇమ్మని అడిగెను. ఆపదలో నూటయైదుగురము అనినవాడే పంపకము వచ్చినప్పుడు తన ఐదుగురి భాగమును అడిగెను. ఈ రెంటికిని విరోధము లేదు. విరోధమున్నదని చెప్పువాడు ధృతరాష్ట్రుని పక్షమువాడు.

కనుక ఓటు అడుగవచ్చిన వానికి మూడు ప్రశ్నలు వేయుదము. మొదటిది, "నీవు మాకు ఇప్పింతునన్నది మా ఎదుటివానికిని ఈయదగినదేనా?" రెండవది, "ఈ వాడలో చెప్పిన ఈ మాటనే ఆ వాడలోను ఇదే గొంతుతో చెప్పగలవా?" ఈ రెండు "మనవాడు" అనుచు వచ్చువానికి. మూడవది "అందరము ఒక్కటే" అనుచు వచ్చువానికి. "అయ్యా, మంచిది. ఎవరికి ఏమి చెందినదో పద్దు చూపుము." మొదటివాడు రెండు ప్రశ్నలకును నిలిచినచో అతనిది న్యాయమైన కోరిక. రెండవవాడు పద్దు చూపినచో అతనిది నిజమైన ఐకమత్యము. జవాబు చెప్పలేని వానికి, అతడు మన కులమువాడైనను, మన పార్టీవాడైనను, కాఫీ ఇచ్చి పంపుదము గాని ఓటు ఈయవద్దు.

ఇక మన గ్రంథాలయము మాట. విజయవాడలో 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూర తిరిగి గ్రంథాలయములను నిలిపిరి. పుస్తకము చదువువాని కులమును అడుగదు గనుకనే ఆ ఉద్యమము పల్లెలలో వేరుపట్టినది. మన తీర్మానముల పుస్తకమును ఈ ఉత్సవము కొరకు నేను మొదటినుండి చదివితిని. చందాదారుల జాబితాలో కాలువ అవతలి పేటవారు ఉన్నారు. పుస్తకములు ఎక్కువగా కొనిపోవువారిలో ఆ పేట పిల్లలు, మన ఆడపడుచులు ఉన్నారు. ఇరువదియైదేండ్ల కార్యవర్గములలో మాత్రము ఆ పేటవారు గాని, స్త్రీలు గాని ఒక్కరును లేరు. కావలెనని ఎవరును అడ్డగించినట్లు కానరాదు. సభ రాత్రివేళ ఈవలి ఒడ్డున జరుగును, నోటీసు ఈ గోడకే అంటింపబడును. అంతే. కాని ఫలితము అడ్డగించినట్లే ఉన్నది.

అందుచేత వాడకొక్క స్థానము అడుగువారి ఆవేదనను నేను అంగీకరింతును. వారి మందు నాకు నచ్చలేదు. వాడల వారీగా స్థానములను శాశ్వతముగా పంచినచో, రేపు ప్రతి సభ్యుడును తన వాడ పుస్తకములకే కాపలాదారుడగును. జెండాలో రంగులు అడిగినట్లు కొత్త వాడలు కొత్త స్థానములు అడుగును. అట్లని, ఊరు చీలునను భయముతో ఇప్పుడున్నట్లే ఉంచుదమనువారి మాటయు నాకు నచ్చలేదు. అది సంజయుని శాంతి. నా మనవి ఇది. జాబితా ఒక్కటిగానే ఉండవలెను, అందరు అందరికి ఓటు వేయవలెను. ఎన్నిక నోటీసు ప్రతి వాడలో చదివి వినిపింపవలెను. ఎన్నిక పగటివేళ, స్త్రీలు రాదగిన సమయమున జరుపవలెను. ఈ మారు కాలువ అవతలి పేటనుండియు, స్త్రీలనుండియు అభ్యర్థులను మనమే వెళ్లి పిలువవలెను. పిలిచిన పిమ్మట వారు ఆ పేట పేరిట గాక, అందరి గ్రంథాలయము పేరిట అందరి ఎదుటను ఓటు అడుగవలెను. తక్కినవారమును అట్లే అడుగవలెను. ప్రతి సంవత్సరము ఏ వాడలో ఎందరు చందాదారులు, ఎన్ని పుస్తకములు వెళ్లినవి, ఎంత ఖర్చైనది అను పద్దును ఈ గోడపై అంటింపవలెను. అది వ్రాయు పనిని నేను పూనుకొందును. ఎవరికి సందేహమున్నను వచ్చి పరిశీలింపవచ్చును.

దేశమును ఒక్కటిగా నిలుపుట మనవంటివారి శక్తికి మించిన పనియని కొందరు నిట్టూర్తురు. కాని ఒక గ్రంథాలయ కార్యవర్గమును న్యాయముగా ఎన్నుకొనలేని ఊరు, శాసనసభకో లోకసభకో న్యాయముగా ఓటు వేయునని నమ్ముట కష్టము. ఇక్కడ అలవాటైనది అక్కడికి పోవును. నా మనవిని కార్యవర్గమువారు రానున్న సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుదురు గాక. కాదన్నను, సవరించినను నాకు సమ్మతమే, ఆ సభలో ఊరంతయు ఉండిన చాలును.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక. సెలవు.